చుక్కలు లేని బొటనవేలు

వేలిముద్రల లాబ్ మేడమీద, ఫోటోలు కడిగే గది నుంచి

అత్తా,

ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు. "అరవడానికైతే ఫోన్ చేయకు, చెప్పడానికేమైనా ఉంటే రాసి పంపు" అన్నావు. రాస్తున్నాను. కాగితం మీద కూడా అరవగలను, చూసుకో.

నువ్వు శిక్షణ కేంద్రానికి పెద్దవై వెళ్లినప్పటి నుంచీ ఇక్కడ నా పేరు 'మేనత్తగారి సరుకు'. ఈ గదిలో ట్రేలు కడుగుతూ, నీ పాత భూతద్దంతో నా వేళ్లు నేనే చూసుకుంటూ నేర్చుకున్నానని, పరీక్ష ఎవరి దయా లేకుండా పాసయ్యానని ఎవడికీ గుర్తుండదు. లేకపోతే పోనీ. నా మంట అది కాదు.

మందుల గోడౌన్ కేసు. వాచ్‌మన్‌ని తలమీద కొట్టి చంపారే, అది. లోపలి గది అద్దం తలుపు మీద మనవాళ్లకి బొటనవేలి ముద్ర ముక్కొకటి దొరికింది. అంతకు కొన్నాళ్ల ముందే ఆ గోడౌన్‌లో పని పోగొట్టుకున్న వ్యాన్ డ్రైవరుని పట్టుకున్నారు. ఆ లోపలి గది గడప తానెప్పుడూ తొక్కలేదంటాడు అతను. తొక్కాడంటుంది ముద్ర. ముద్ర అంటుందని ఎవరన్నారు? కింద రెండు సంతకాలున్నాయి. మొదటిది మన సెక్షన్ పెద్దాయనది. రెండోది నీది.

కోర్టుకి పెద్ద సైజు ఫోటోలు కావాలన్నారు. ఆ పని నాకిచ్చారు. గుర్తులేవీ పెట్టని అసలు ఫోటో తీసి, నన్ను నేను పరీక్షించుకుందామని ముందు దాన్నే చూశాను. గీత చీలినచోట్లు, గీత ఆగినచోట్లు వెతికాను. నమ్మకంగా 'ఇది' అని వేలు పెట్టగలిగినవి నాలుగు. మిగతాదంతా మసక. తర్వాత పెద్దాయన ఎర్రచుక్కలు పెట్టిన ఫోటో తీశాను. పన్నెండు చుక్కలు! అప్పుడు నాకూ పన్నెండూ కనిపించాయి. మళ్లీ చుక్కల్లేని ఫోటో ముందు పెట్టుకున్నాను. ఇప్పుడు అందులోనూ పన్నెండు కనిపిస్తున్నాయి. మబ్బులో ఏనుగుందని ఒకసారి ఎవరో చూపించాక ఇంక మబ్బు మిగలదు కదా, అలా.

మన ఆఫీసు పద్ధతి నీకు తెలిసిందే. అయినా రాస్తాను, రాస్తేనే దాని సిగ్గుమాలినతనం తెలుస్తుంది. ఇన్‌స్పెక్టరు వస్తాడు. పెద్దాయన బల్ల పక్కనున్న చేతుల కుర్చీలో కూర్చుంటాడు. టీ తాగుతూ ఎవడు చేశాడో, ఎందుకు చేశాడో కథంతా చెబుతాడు. ఆ తర్వాత కవరు విప్పుతారు. పెద్దాయన చూసి చుక్కలు పెడతాడు. చుక్కలు పెట్టిన ఫోటోనే రెండోవాళ్లకి వెళుతుంది. రెండోవాళ్లు చుక్కలు సరిచూసి సంతకం పెడతారు. దానికి మనం పెట్టుకున్న గొప్ప పేరు 'రెండో కన్ను'. అది రెండో కన్ను కాదత్తా, మొదటి కంటికి పెట్టిన కళ్లజోడు.

డ్రైవరు పెళ్లాం రోజూ మన గేటు దగ్గర నిలబడుతోంది. నిన్న నా చెయ్యి పట్టుకుంది. "వేళ్లు చూసేది మీరేనా అమ్మా? మా ఆయన వేలు సరిగ్గా చూశారా?" అంది. నేను కాదు చూసింది అన్నాను. అని మెట్లెక్కి వచ్చేశాను. ఎక్కుతుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

నాన్నకి చెల్లెలివి కాబట్టి మర్యాదగా అడుగుతున్నాను. ఆ ఫోటో నీ చేతికి వచ్చినప్పుడు దానిమీద చుక్కలున్నాయా, లేవా?

నీ కోడలు

*

శిక్షణ కేంద్రం, వెనక వరస గది

తేలుపిల్లకి,

ఉత్తరం అందింది. కవరు విప్పకముందే కుట్టింది.

చుక్కలున్నాయి. ఎప్పుడూ ఉంటాయి. నా ముందువాళ్లకీ ఉన్నాయి. చుక్కలున్నంత మాత్రాన నా కళ్లు మూతపడవు. నీకు నాలుగే కనిపించాయంటే నీ కన్ను ఇంకా నాలుగింటి కన్నే. పన్నెండింటి కన్ను కావడానికి నాకు సగం జీవితం పట్టింది. పరీక్ష పాసై ఎన్నాళ్లయిందని నీకు?

ఆ సంతకం పెట్టింది నేను ఇక్కడికి బయల్దేరిన రోజే, నా పెట్టె గుమ్మంలో ఉంది. బస్సు టైమవుతోంది. అయినా కూర్చుని చూడాల్సినంతా చూశాను. పైగా డ్రైవరు ఒప్పుకున్నాడని ఇన్‌స్పెక్టరు స్వయంగా చెప్పాక ఇంక వెనకాడటానికేముంది?

ఆ ఇల్లాలి మీద నీకు జాలి కలిగితే తప్పు లేదు. జాలితో గీతలు చూడకు. గీతలకి పెళ్లాం బిడ్డలుండరు.

ఇక్కడి కుర్రాళ్లు భూతద్దాన్ని పట్టుకోవడం చూస్తే నవ్వొస్తుంది. నీలాగా ఒక్కడూ లేడు. ఈ మాట తలకెక్కించుకోకు.

అత్త

*

ఫోటో గది

అత్తకి,

కోపం తగ్గింది. నువ్వన్నది నిజమే, నాది నాలుగింటి కన్నే. సాన పెడుతున్నాను.

వానలు మొదలయ్యాయి. సింకు మళ్లీ కారుతోంది. కింద బకెట్టు పెట్టాను, బకెట్టూ కారుతోంది. పెద్దాయన చూసి "ప్లంబర్‌ని పిలిపిస్తా" అన్నాడు. ఆయన పిలిపిస్తానన్న మూడో ప్లంబర్ ఇతను.

మీ కుర్రాళ్ల అభ్యాసానికి పనికొస్తాయని పాత కేసుల్లోంచి ఆరు జంటలు తీసి పంపుతున్నాను. నంబర్లు తప్ప ఇంకేమీ రాయలేదు. వాళ్లకిచ్చే ముందు నువ్వూ ఒకసారి చూసి, ఏవి కలిశాయో ఏవి కలవలేదో రాసి పంపు. నాకూ పాఠమవుతుంది. నాలుగో జంట మాత్రం తప్పకుండా చూడు. ఎవడో మహానుభావుడు కళ్లు మూసుకుని కలిపేశాడట, చూసి నవ్వుకుంటావు.

నీ కోడలు

*

శిక్షణ కేంద్రం

తేలుపిల్లకి,

నువ్వు కుట్టకుండా ఉత్తరం రాస్తే నాకు జ్వరమొచ్చినట్టుంటుంది. అయినా సంతోషం.

ఒకటి, రెండు కలుస్తాయి. మూడు కలవదు, అందులో మోసమేమీ లేదు. అయిదు కలుస్తుంది. ఆరు కుర్రాళ్లని తికమకపెడుతుంది గానీ నిదానంగా చూస్తే అదీ కలుస్తుంది.

ఇక నీ నాలుగో జంట. చచ్చినా కలవదు. ఎడమ పక్క చీలికని చూశావా? ఒక ఫోటోలో పైకి తిరిగింది, రెండోదాంట్లో తిన్నగా పోయింది. కింద పౌడరు ముద్దకట్టిన మరకని గీత అనుకున్నాడు ఆ మహానుభావుడు. అతని దగ్గర భూతద్దం తీసేసుకుని బస్సు టిక్కెట్లు చింపే పని ఇప్పించాలి. కుర్రాళ్లకి చూపించాను. ఒకడు పగలబడి నవ్వాడు.

సింకు సంగతి నేను వచ్చి చూస్తే తప్ప తేలేటట్టు లేదు.

అత్త

*

ఫోటో గది

అత్తా,

బస్సు టిక్కెట్లు నువ్వే చింపు.

నాలుగో జంట గోడౌన్ ముక్క. పక్కన ఉన్నది వ్యాన్ డ్రైవరు బొటనవేలు. కింద నీ సంతకమున్న జంట అదే. చుక్కలు తీసేసి పంపాను, అంతే. అదే కన్ను, అవే గీతలు. గుమ్మంలో పెట్టె, చెవిలో ఇన్‌స్పెక్టరు ఉంటే పన్నెండూ కలిశాయి. అవి లేకపోతే 'చచ్చినా కలవదు'. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారు మన సెక్షన్‌లో అందరూ. నీ కుందేలుకి నాలుగో కాలు నువ్వే చూపించావు.

ఇంకో సంగతి. డ్రైవరు ఒప్పుకున్నాడన్నావే, ఏ కాగితంలో ఉంది? నేను ఫైలంతా తిరగేశాను. ఎక్కడా లేదు. అతను మొదటి రోజు నుంచి ఈ రోజు వరకూ ఒకే మాట మీదున్నాడు. 'ఒప్పుకున్నాడు' అన్నది ఆ చేతుల కుర్చీలో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న నోరు. అంతకన్నా దానికి ఆధారం లేదు. ఆ నోటిని నమ్మి మనం కళ్లని అమ్ముకున్నాం.

పైగా 'వెనకాడటానికేముంది' అని రాశావు. అంటే వెనకాడావన్నమాట. ఎందుకు వెనకాడావు? అది చెప్పు.

విచారణ దగ్గరికొచ్చింది. నీ ఉత్తరం, అందులో నీ చేత్తో రాసిన 'చచ్చినా కలవదు', తీసుకెళ్లి డ్రైవరు లాయరు బల్ల మీద పడేస్తాను. నీకు కోపమొస్తే రానీ. ఒక మనిషి లోపల కూర్చుని ఉన్నాడు.

కోడలు

*

శిక్షణ కేంద్రం

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి బల్ల సొరుగులో పడేసి తాళం వేశాను. క్లాసుకి వెళ్లాను. వచ్చి మళ్లీ తీశాను. ఇలా కొన్నాళ్లు సాగింది. అందుకే ఆలస్యం.

అత్తకే పరీక్ష పెట్టావు. అబద్ధమాడి పెట్టావు. సన్నటి చేపముల్లులా అది నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది, అది మనిద్దరి మధ్య విషయం. తర్వాత తేల్చుకుందాం. ముందు పని మాట్లాడదాం.

వెనకాడాను. ఆ రోజు చుక్కలున్న ఫోటో అంచున పెన్సిల్‌తో 'చాలదు' అని రాశాను. తేల్చి చెప్పడానికి ఉన్న గీతలు చాలవని. అప్పుడే ఇన్‌స్పెక్టరు వచ్చి ఒప్పుకున్నాడని చెప్పాడు. మళ్లీ చూశాను. ఈసారి కనిపించాయి. నిజంగా కనిపించాయే, నేను ఎవరి మొహమాటానికీ సంతకం పెట్టలేదు! అదే నన్ను ఇప్పుడు పడుకోనివ్వడం లేదు. లంచం తిన్నదాన్నయితే నాకు తెలిసుండేది. తప్పుచేస్తున్నానని తెలియకుండానే, నిజాయితీగా, రబ్బరు తీసుకుని 'చాలదు'ని చెరిపేశాను.

ఇప్పుడు నీ వంతు. కూర్చుని చదువు, నిలబడి చదివితే పడతావు.

నాకు నువ్వేం రాసి పంపావో గుర్తుందా? 'ఎవడో కళ్లు మూసుకుని కలిపేశాడట, చూసి నవ్వుకుంటావు' అని. నేను నవ్వడానికి సిద్ధమై భూతద్దం పట్టుకున్నాను. తేడా ఉందని నువ్వు చెప్పావు, తేడా వెతికాను, తేడా దొరికింది. ఆ చీలిక పైకి తిరిగిందన్నాను చూడు, ఇవాళ మళ్లీ చూశాను. తిరిగిందో తిరగలేదో చెప్పలేను. పౌడరు మరక అన్నదీ అంతే. ఇన్‌స్పెక్టరు టీ తాగుతూ చేసిన పనే నువ్వు ఒక్క వాక్యంతో చేశావు. ఆయనకి కనీసం టీ ఖర్చయింది.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. వాడు అబద్ధమాడడు పాపం, వాడికి కనిపించేదే చెబుతాడు. మనిద్దరం వేరువేరు రంగుల కామెర్లతో ఒకే వేలిని చూశాం. కాబట్టి నా సంతకమూ పనికిరాదు, నా నవ్వూ పనికిరాదు. నువ్వు నా ఉత్తరం లాయరుకిస్తే అవతలి లాయరు నిన్ను ఉతికి ఆరేస్తాడు. డ్రైవరు అక్కడే కూర్చుని ఉంటాడు.

సరిగ్గా చేద్దాం. ఈ కేంద్రం నుంచి వేరే ఆఫీసులకి అభ్యాస జంటలు పంపడం మామూలే. ముగ్గురిని ఎంచుకున్నాను. ముగ్గురూ ఒకరికొకరు దూరం, గోడౌన్ కేసు పేరు కూడా విననివాళ్లు. నువ్వు పది జంటలు, చుక్కలు లేకుండా, మాటలు లేకుండా పంపు. ఆ డ్రైవరు జంట ఎన్నోదో నాకు కూడా చెప్పకు. మా గుమాస్తాకి బొటనవేలికీ కాలి వేలికీ తేడా తెలియదు. అతనే కలిపి నంబర్లు వేస్తాడు, అతనే పంపుతాడు. జవాబులు అతనికే వస్తాయి. కవర్లు విప్పకుండా వాటికి ఫోటో కాపీలు తీయలేడు కాబట్టి విప్పుతాడు గానీ, ఏ నంబరు ఏ జంటదో జాబితాతో సహా మనిద్దరికీ ఒకేసారి పంపుతాడు.

మీ పెద్దాయనకి చెప్పే చెయ్యి. దొంగచాటుగా చేసింది కోర్టులో నిలబడదు.

ఈ రంగంలో నీకింకా చాలా రావు. నాకూ రావని ఈ వారమే తెలిసింది.

అత్త

*

ఫోటో గది

అత్తా,

నీ ఉత్తరానికి మూడు జవాబులు రాసి మూడూ చించాను. నాలుగోది ఇది.

నువ్వన్నది నిజం. నిజమే కాబట్టి ఎక్కువ మండింది. క్షమించమని అడగను, అడిగితే అయిపోయినట్టుంటుంది.

పెద్దాయనకి చెప్పాను. గోడౌన్ జంట అభ్యాస జంటల్లో కలిపి పంపుతున్నానని మొహం మీదే చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"నా చుక్కల మీద నీకు నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది సార్. చుక్కల మీదే లేదు."

"కేసు ఏంటో తెలుసుకోకుండా ముద్ర చూడమంటావు. రోగిని అడగకుండా మందిచ్చే డాక్టరుని చూశావా ఎక్కడైనా?"

"రక్తం పరీక్ష చేసేవాడు రోగి జాతకం అడగడు సార్. సీసా చూస్తాడు."

మెమో ఇచ్చాడు. 'పై అధికారి నిర్ణయాన్ని శంకించుట' అని. శంకించుట! అది నేరమైతే మనకి జీతమిచ్చేది ఆ నేరానికే కదా అని జవాబు రాశాను. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, ఫోటోలు పంపొద్దని ఆయన అనలేదు. కవరు మీద ఆఫీసు ముద్ర ఆయనే వేశాడు. వేసి, అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మీ గుమాస్తా కాగితాలు వచ్చాయి. నీకూ వచ్చే ఉంటాయి. మిగతా తొమ్మిది జంటల్లో ముగ్గురిదీ దాదాపు ఒకటే మాట. డ్రైవరు జంట దగ్గర ఇద్దరు 'చెప్పలేం' అన్నారు. మూడో ఆవిడ 'కలుస్తుంది' అంది.

కలుస్తుందట! చదవగానే కాగితం నలిపేశాను. మళ్లీ సాపు చేశాను. ఈవిడ ఎవరత్తా? కళ్లున్నాయా ఆవిడకి? నిజం చెబుతున్నాను, ఆ ఒక్కటీ పక్కన పెట్టి మిగతా రెండూ పంపుదామని అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. ఇద్దరి మాట చాలదా? అవతలివాళ్ల చేతికి ఆ కాగితం వెళితే 'చూశారా, తటస్థంగా చూసినవాళ్లూ కలుస్తుందన్నారు' అని దాన్నే జెండాలా ఊపుతారు. ఆ మనిషి బతుకు పోతుంది. గేటు దగ్గర ఆమె ఇంకా నిలబడుతోంది, వానలోనూ. గొడుగిస్తే తీసుకోలేదు.

ఏం చెయ్యమంటావు?

కోడలు

*

శిక్షణ కేంద్రం

తేలుపిల్లకి,

మూడూ పంపు.

నీకు నచ్చని కాగితాన్ని పక్కన పెట్టిన రోజున నువ్వూ ఆ చేతుల కుర్చీలో కూర్చున్నట్టే. టీ కూడా తెప్పించుకో.

ఆవిడకి కళ్లున్నాయి. నాకు తెలిసిన మంచి కళ్లలో అవి కూడా. మంచి కళ్లు మూడు చూసి మూడూ ఒకే మాట చెప్పలేకపోయాయంటే, ఆ గీతల మీద ఒక మనిషిని కట్టెయ్యకూడదని అర్థం. మనకి కావాల్సింది అదే. అది మూడు కాగితాలూ ఉంటేనే నిలబడుతుంది.

నేను రెండు పక్కల లాయర్లకీ రాశాను. సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, చెరిపేసిన 'చాలదు' సంగతితో సహా కోర్టుకొచ్చి చెబుతానని. ఈ కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఊడితే సింకు బాగుచేయడానికి తీరిక దొరుకుతుంది.

అత్త

*

బస్‌స్టాండ్ బెంచీ మీద

తేలుపిల్లకి,

మీ పెద్దాయన నీకు సెలవివ్వలేదని విన్నాను. మంచిదే. నువ్వొచ్చి ఉంటే కోర్టులో లేచి నిలబడి ఏదో ఒకటి అనేదానివి. బస్సుకి ఇంకా టైముంది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోలీసుల తరఫు లాయరు కుర్రాడు. చురుకైనవాడు. "అప్పుడు కలిసిందని సంతకం పెట్టారు. అంటే అబద్ధం చెప్పారా?" అన్నాడు.

"లేదండి. చూసిందే చెప్పాను. చూడకముందు ఏం విన్నానో చెప్పలేదు."

"ఇప్పుడు ఆ ముద్ర ఇతనిది కాదంటారా?"

"అననండి."

"ఇతనిదే అంటారా?"

"అననండి."

"మరి ఇంతదూరం ఏం చెప్పడానికి వచ్చారమ్మా?"

"చెప్పలేనని చెప్పడానికండి."

వెనక బెంచీల్లో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. పెన్సిల్‌తో రాసింది, రబ్బరుతో చెరిపింది చెప్పమన్నారు. చెప్పాను. ఎవరు ఒప్పుకోలు సంగతి చెప్పారని అడిగారు. చెప్పాను. ఇన్‌స్పెక్టరు బూట్లు చూసుకుంటున్నాడు. మూడు కాగితాలూ చదివించారు. నువ్వు భయపడ్డట్టే మూడోదాన్ని ఆ కుర్రలాయరు జెండాలా ఊపాడు. జడ్జిగారు అతన్ని ఒకటే అడిగారు, "ఈ ముద్ర కాకుండా మీ దగ్గర ఇంకేముంది?" అని. అతను ఫైలు తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు. ఏమీ లేదు.

డ్రైవరుని వదిలేశారు.

ఇక్కడితో ఆపేస్తే నీకు బాగుంటుంది, కానీ ఆపను. బయట మెట్ల మీద అతని భార్య నా దారికి అడ్డంగా నిలబడింది. దండం పెడుతుందేమోనని సిగ్గుతో చచ్చాను. ఆవిడ పెట్టలేదు. "'కాదు' అన్న ఒక్క ముక్క అంటే మీ సొమ్మేం పోయిందమ్మా? చెప్పలేనంటే మా వీధిలో ఎవరు నమ్ముతారు? ఇంటికి తీసుకెళుతున్నాను గానీ, సగం మనిషినే తీసుకెళుతున్నాను" అంది. డ్రైవరు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్లాడు. అతని కుడి బొటనవేలు కనిపించింది. అలవాటు కొద్దీ చూశాను. వెంటనే కళ్లు తిప్పుకున్నాను.

ఆ మెట్ల మీదే వాచ్‌మన్ కూతురు కూడా ఉంది. నీ వయసే. "అయితే మా నాన్నని ఎవరు చంపారు?" అని అడిగింది. అరవలేదు. మామూలుగా, దారి అడిగినట్టు అడిగింది. దానికీ నా దగ్గర అదే జవాబు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి ఇన్నాళ్లూ ఆ పిల్లని కూడా మోసం చేశాం. అసలువాడిని వెతకడం మానేయించాం.

'కాదు' అని ఉంటే అందరూ నన్ను మంచిదాన్ని అనేవారు. నోటిదాకా వచ్చింది. మింగాను. చాలా చేదుగా ఉందే.

బస్సొచ్చింది.

అత్త

*

కొత్త బల్ల నుంచి. కిటికీ పక్కది, తలుపుకి దూరం

అత్తా,

ఆ డ్రైవరు భార్య మొన్న గేటు దగ్గర కనిపించింది. అతనికి వేరేచోట పని దొరికిందట, బండి తోలేది కాదు, బండికి సరుకెక్కించేది. వీధిలో ఇంకా గుసగుసలు ఆగలేదట. అద్దం తలుపు మీది ముద్ర ముక్కని మాత్రం మూసిన ఫైళ్లలోకి పోకుండా ఆపాను. కొత్త బొటనవేలి ముద్ర ఏది వచ్చినా దాని పక్కన పెట్టి చూడాల్సిందేనని పెద్దాయన చేత రాయించాను. వాచ్‌మన్ కూతురికి ఆ మాటే చెప్పాను. "ఎన్నాళ్లు?" అంది. దొరికేదాకా అన్నాను.

ఆ కాగితం రాయించడానికి తప్ప పెద్దాయన నాతో చాలాకాలం మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే ఆ చేతుల కుర్చీ ఆయన బల్ల దగ్గర లేదు. వరండాలో ఉంది. మధ్యాహ్నం ఆయనే నా బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. ఒక్క చుక్క లేదు.

"చూడు" అన్నాడు.

"మీరు చూశారా సార్?"

"చూశాను."

"ఏం..."

"అడగకు" అని వెళ్లిపోయాడు. అత్తా, ఆయన వీపు చూసి నాకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదులే, మెమో ఇంకా వెనక్కి తీసుకోలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్చీ కోసం చూశాడు, దొరకలేదు, తిన్నగా నా దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, ఈసారి దొరికినవాడు గట్టివాడు, వాడి అన్న కూడా..." అని మొదలెట్టాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"సార్, ఫోటో లోపలికి, కథ బయటికి."

"ముక్కూ మొహం తెలియకుండా ఎలా చూస్తావు?"

"నేను చూసేది ముక్కు కాదు సార్, వేలు."

పెద్దాయనకి ఫిర్యాదు చేశాడు. పెద్దాయన తల ఎత్తకుండా, "వరండాలో కుర్చీ వేయించాను కదా, టీ అక్కడికే పంపిస్తాను" అన్నాడు.

నీ కుర్చీ ఊడలేదని తెలిసింది. కుర్రాళ్లకి మొదటి పాఠంగా ఆ పెన్సిల్ కథ చెబుతున్నావట. ఒకడు ఇక్కడికి పనికొచ్చి చెప్పాడు. 'మా మేడమ్ తన తప్పు చెప్పేటప్పుడు కూడా మమ్మల్నే తిడుతుంది' అన్నాడు. సరిగ్గానే చెబుతున్నావన్నమాట.

సింకు ఇంకా కారుతోంది.

ఇందులో ఒక జంట పెడుతున్నాను. పెద్దాయన అనుమతి ఉంది. నేను చూశాను, నాకు అనిపించింది రాసి కవరు అంటించి ఆయనకిచ్చాను. నువ్వూ చూసి ఆయనకే పంపు, నాకు వద్దు. ఏ కేసో, ఎవరి వేలో, తేలిగ్గా ఉందో కష్టంగా ఉందో, నువ్వేం చెబితే నాకు బాగుంటుందో... పెన్ను మూత కొరికేశాను. ముక్కలు నోట్లో ఉన్నాయి.

అయినా రాయను.

తేలుపిల్ల